మరమ్మతు ఎవరి కోసం జనాబ్?

మొన్న అమ్మీకి ముషాయిరా వినాలనిపించింది. నర్సింహులపేట నుంచి బస్సెక్కి పట్నం పోయాం. హాల్లో మరమ్మతు నడుస్తోంది. స్టేజీకి కొత్త లైట్లు, కొత్త పరదాలు, మాషా అల్లా! కానీ మెట్ల పక్కన పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. ఆడవాళ్ల బాత్రూంకి తాళం. తాగడానికి నీళ్లు లేవు. గజల్ సగంలో ఉండగానే అమ్మీ లేచింది: "చల్ బేటా, ఇక కూర్చోలేను."

అడిగితే ఒకటే జవాబు: "పని నడుస్తోంది, సబర్ చేయండి." సబర్ మంచిదే జనాబ్. మరి టికెట్ పైసల దగ్గర మీరెందుకు సబర్ చేయలేదు? ముంబైలో 1993లో మూతపడ్డ రాయల్ ఒపెరా హౌస్‌ని, తలుపులు మూసి ఉండగానే బాగుచేసి 2016లో తెరిచారు. మీరూ మూసుకోండి. తెరిచి ఉంచారంటే మాత్రం, వచ్చినవాళ్లు మీ మెహమాన్లు.

ఇది మెహర్బానీ కాదు, హక్కు. పాత పబ్లిక్ బిల్డింగులను కూడా ఐదేళ్లలో అందరూ వాడుకునేలా మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పింది. నిబంధనలు 2017లో వచ్చాయి. గడువు 2022లోనే దాటిపోయింది.

మన తప్పూ ఉంది. "కష్టమవుతుంది, ఇంట్లోనే ఉండండి" అని ఆడవాళ్లకు మనమే చెప్తాం. అట్లా చెప్తే తాళం వేసినవాడికి మదద్ చేసినట్టే. ఈసారి టికెట్ కొనేముందు అడగండి: బాత్రూం తెరిచి ఉందా? రెయిలింగ్ ఉందా? నీళ్లున్నాయా? లేవంటే పైసలు జేబులోనే ఉంచుకోండి.