మాట పోగొట్టుకున్న మహారాజ్యం

2003 జనవరి మాసంలో స్కాట్లండులోని మదర్‌వెల్‌లో పనిచేసే ఇద్దరు రైలు డ్రైవర్లు ఒక గూడ్సు బండిని నడపబోమని ఖండితంగా చెప్పివేశారు. ఆ బండిలో వున్నది మందుగుండు సామగ్రి. ఇరాక్‌పై జరగనున్న యుద్ధానికే అది పోతున్నదని వారు భావించారు. మరుసటి నెలలో ఇటలీలో అమెరికన్ స్థావరాల మధ్య యుద్ధ సామగ్రిని చేరవేస్తున్న రైళ్లకు పౌరులు, రైల్వే కార్మికులు కలిసి అడ్డు నిలిచారు. ఫిబ్రవరి 15న ప్రపంచంలోని వందలాది నగరాలలో ప్రజలు లక్షల సంఖ్యలో వీధులలోకి వచ్చారు. అయినా మార్చి 20న యుద్ధం మొదలైనది.

యుద్ధాన్ని ఆపలేకపోయిన ఆ కార్మికులు ఓడిపోయారని ఆనాడు కొందరు అన్నారు. ఇరవై యేండ్లకు పైగా గడచిన తరువాత లెక్క చూచుకుంటే, తమ దేశాల గౌరవాన్ని నిజంగా కాపాడజూచినది ఎవరో, దానిని వీధిపాలు చేసినది ఎవరో తేటతెల్లమవుతున్నది.

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత ప్రపంచమంతా అమెరికన్ ప్రజల దుఃఖంలో పాలు పంచుకున్నది. నాటో కూటమి తన చరిత్రలో మొదటిసారిగా, ఒక సభ్యదేశంపై దాడిని అందరిపై దాడిగా పరిగణించే నిబంధనను అమలులోకి తెచ్చినది. అంతటి సానుభూతి రెండేండ్లు తిరుగకముందే ఆవిరైపోయినది. ఇండోనేషియాలో అమెరికా పట్ల సదభిప్రాయం గలవారు 2002లో నూటికి 61 మంది కాగా, 2003లో 15 మంది మాత్రమే మిగిలారని ప్యూ పరిశోధనా సంస్థ సర్వే తెలియజేసినది. నాటో సభ్యదేశమైన టర్కీ పార్లమెంటులోనే, అమెరికన్ సైన్యానికి తమ భూభాగంలో చోటు ఇచ్చే ప్రతిపాదన 2003 మార్చి 1న వీగిపోయినది.

దీనికి కారణమేమి? 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగమంత్రి కాలిన్ పావెల్ భద్రతామండలిలో ఒక చిన్న గాజుసీసాను ఎత్తి చూపి, ఇరాక్ వద్ద సామూహిక విధ్వంసక ఆయుధాలు వున్నాయని ప్రపంచానికి చెప్పారు. భద్రతామండలి అనుమతి లేకుండానే దాడి జరిగినది. ఆక్రమణ తరువాత అమెరికా ప్రభుత్వమే నియమించిన సర్వే బృందం దేశమంతా గాలించి, యుద్ధానికి సాకుగా చూపిన ఆయుధ నిల్వలు లేవని 2004లో నివేదించినది. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ యీ యుద్ధం సమితి నియమావళి ప్రకారం చట్టవిరుద్ధమని ప్రకటించారు. అబూ గరీబ్ చెరసాలలోని చిత్రహింసల ఛాయాచిత్రాలు కూడా ఆ యేడే బయటపడినవి. ఆనాటి ప్రసంగం తన జీవితంలో ఒక మచ్చ అని పావెల్ స్వయంగా 2005లో ఒప్పుకున్నారు.

అమెరికా బలం తగ్గిందా, దాని విమానాలు, డాలర్లు ఎక్కడికి పోయాయి అని మిత్రులు కొందరు అడుగవచ్చును. బలం తగ్గలేదు. తరిగినది నమ్మకం. రైల్వే కార్మికులకు యీ సంగతి వివరించి చెప్పనవసరం లేదు. తప్పు చూపిన సిగ్నలు, తరువాత సరిగా చూపినా, దాని ముందు బండి నడిపేవాని గుండెలో గుబులు పోదు. 2013 ఆగస్టులో సిరియాపై సైనికచర్యకు అనుకూలమైన తీర్మానాన్ని బ్రిటిష్ కామన్స్ సభ 285–272 ఓట్లతో తిరస్కరించినప్పుడు, సభలో అడుగడుగునా వినిపించినది ఇరాక్ పేరే. 2022 ప్రారంభంలో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేయనున్నదని అమెరికా చేసిన హెచ్చరిక నిజమే అయినా, ఇరాక్‌ను గుర్తుంచుకున్న అనేకులు దానిని నమ్మలేదు. దాడి ప్రకటించిన రోజున రష్యా అధ్యక్షుడు పుతిన్ తన ప్రసంగంలో ఇరాక్‌ను, ఆ గాజుసీసాను కూడా పేర్కొన్నారు. ఒకరి అక్రమం మరొకరి అక్రమానికి సమర్థన కాజాలదు. కాని బలవంతుడు త్రొక్కిన అడ్డదారి ఇతరులకు రాచబాట అవుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మేము సద్దాం హుస్సేన్‌ను సమర్థించడం లేదు. 1990లో అతడు కువైట్‌ను ఆక్రమించినప్పుడు, అక్కడ పొట్టకూటికై వెళ్లిన 1,70,000 మందికి పైగా భారతీయులను స్వదేశానికి చేర్చవలసి వచ్చినది. గల్ఫ్ నుండి ఉత్తరం రాక కడప, గోదావరి జిల్లాల ఇండ్లలో కుటుంబాలు ఎట్లా ఎదురుచూచాయో మన పోస్టుమాన్ సోదరులకు తెలుసు. 1987లో ప్రభుత్వరంగ కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కునే సద్దాం చట్టం ద్వారా తొలగించాడు. అయితే, స్వేచ్ఛ తెచ్చామని చెప్పుకున్న ఆక్రమణాధికారులు సద్దాం విగ్రహాలను కూల్చారే గాని ఆ చట్టాన్ని మాత్రం పదిలంగా వుంచారు. ఆ యుద్ధం ఎవరి స్వేచ్ఛ కోసం జరిగినదో సంఘజీవులమైన మనకు యీ ఒక్క విషయమే చెప్పగలదు.

ఇక మన దేశం సంగతి. 2003 ఏప్రిల్‌లో భారత పార్లమెంటు యీ యుద్ధాన్ని గర్హిస్తూ తీర్మానం చేసినది. ‘నింద’ అనే హిందీ మాట చుట్టూ ఎన్నో వాదోపవాదాలు జరిగిన తరువాతనే అది సాధ్యమైనది. అమెరికా మన సైన్యాన్ని పంపమని కోరినప్పుడు, సమితి స్పష్టమైన ఆదేశం లేనిదే పంపజాలమని జూలై 14న ప్రభుత్వం ప్రకటించినది. దేశంలో వెల్లువెత్తిన ప్రజాభిప్రాయం, ప్రతిపక్షాల పట్టుదల లేకపోతే ఆ నిర్ణయం వెలువడేదని మేము అనుకోవడం లేదు. పంపి వుంటే, పరాయి ఆక్రమణకు కాపలా కాస్తూ మన జవానులు ప్రాణాలు కోల్పోయేవారు. ఆ అపకీర్తిలో మనకూ వాటా వచ్చేది.

యుద్ధవేళ ప్రశ్నించేవానికి దేశద్రోహి అనే ముద్ర వేయడం పాలకులకు పరిపాటి. సరిహద్దుకు సైనిక రైళ్లు నడిపేది మనమే. జవానుకు ఇంటి ఉత్తరం చేరవేసేదీ మనమే. మన తపాలా సోదరులనేకులు ఆర్మీ పోస్టల్ సర్వీసులో పనిచేస్తున్నారు. దేశరక్షణలో మన పాత్రను మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అందుచేతనే అడిగే హక్కు మనకు వున్నది: ఏ ఆధారంతో యుద్ధం? పార్లమెంటు చర్చించినదా? శాంతిమార్గాలన్నీ ప్రయత్నించారా? శాంతిమార్గాలు ఇంకా మిగిలివుండగానే యుద్ధానికి దిగారని బ్రిటన్‌లో చిల్కాట్ విచారణ నివేదిక 2016లో తేల్చినది. అప్పటికి పదమూడేండ్లు గడిచిపోయాయి. పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు.

ఆ ప్రశ్నలు యుద్ధం తరువాత విచారణ సంఘాలు వేసేవి కాకూడదు. యుద్ధానికి ముందు ప్రజలు వేసేవి కావాలి. మన శాఖలన్నీ తమ సర్వసభ్య సమావేశాలలో యీ విషయాన్ని చర్చకు పెట్టవలసినదిగా కోరుతున్నాము. మదర్‌వెల్ డ్రైవర్లు ఇద్దరే. కాని వారు వేసిన ప్రశ్నకు ఆనాడు లండన్ వద్దగాని, వాషింగ్టన్ వద్దగాని జవాబు లేదు, నేటికీ లేదు.