మెత్తని సీటు సుఖమైన సీటేనా?

దంపతులిద్దరూ భారీకాయులైతే, మోటారు సైకిలుపై కొద్ది దూరమే వెళ్ళినా నడుము నొప్పి పుడుతుంది. మెత్తని స్పాంజి వేయిస్తే బాధ తీరుతుందని చాలామంది భావిస్తారు. కాని ఎక్కువ బరువు పడితే మెత్తని స్పాంజి పూర్తిగా అణగిపోయి, అడుగునున్న గట్టి పలక ఒత్తుకుంటుంది. కావలసింది త్వరగా అణగని దట్టమైన ఫోము, వెడల్పైన సీటు. అప్పుడే శరీర భారం ఒకేచోట పడకుండా పరచుకుంటుంది. సీటు ముందుకు వాలి ఉంటే, బ్రేకు వేసినప్పుడల్లా వెనుకనున్నవారు జారుతారు. సీట్లు కుట్టే దుకాణంలో ఆ వాలును సరిచేయించండి. అయితే ఎత్తు పెరిగి, నడిపేవారి పాదాలు నేలకు అందకుండా పోకూడదు.

తరువాత వెనుక షాక్ అబ్జార్బర్లను చూడండి. చాలా బండ్లలో వాటి స్ప్రింగు బిగింపును మెట్లుమెట్లుగా పెంచుకోవచ్చు. ఇద్దరు ప్రయాణించేటప్పుడు దానిని పెంచి, టైర్లలో గాలి కూడా ఇద్దరికి సూచించినంత నింపాలి. బండితో ఇచ్చిన పుస్తకంలో ఈ వివరాలతోపాటు అది మోయగల గరిష్ఠ బరువూ ఉంటుంది. ఎంత మంచి సీటైనా ఆ హద్దును పెంచలేదు.

వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, ఫుట్‌రెస్టు, వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం చెబుతోంది. బురఖా, దుపట్టా అంచులు చక్రంలో చిక్కకుండా అడ్డుకునేది ఆ రక్షణే, దానిని ఊడదీయించకండి. సీటు అంచున ఇరుకుగా కూర్చుని మౌనంగా ఓర్చుకునే ఇల్లాలి ఇబ్బందిని, ఆమె నోరు తెరవకముందే గమనించడం భర్త బాధ్యత.