పాటకు శాలువా కాదు, కూలి కావాలి

కిందటి మార్చి 8న ఒక మహిళా సంఘం సభలో పాడటానికి వెళ్ళాను. పరిచయం చేసిన అమ్మాయి నన్ను ‘బ్యాంకు ఉద్యోగాన్ని గడ్డిపరకలా వదిలేసి సంగీతానికి అంకితమైన సాహసి’ అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అందులో నిజం సగమే ఉంది. ఉద్యోగం వదిలిన మాట నిజమే. కానీ 20 ఏళ్ళు లెక్కపెట్టుకుని, పింఛను వస్తుందని రూఢి చేసుకుని మరీ వదిలాను. ఆ లెక్క చెప్పకుండా చప్పట్లు పుచ్చుకుంటే ఆ సభలో కూచున్న చిన్నపిల్లల్ని మోసం చేసినట్టే. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఆడపిల్లకు సంగీతం చెప్పించింది పాడి బతకమని కాదు. పెళ్ళిచూపుల్లో ‘అమ్మాయి పాడుతుందా?’ అని అడిగితే ‘పాడుతుంది’ అని చెప్పుకోవడానికి. నన్ను చూడవచ్చినవాళ్ళూ అడిగారు. పాడాను, నచ్చాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో మళ్ళీ పాడమన్నవాళ్ళు లేరు. పేరంటానికి వెళ్తే మాత్రం ‘ఒక మంగళహారతి అందుకోవమ్మా’ అనేవారు. పాట రావాలి, కానీ ఇంటి పరువుకు పనికొచ్చేంతవరకే.

1990లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. నా పాటను బతికించింది ఆ జీతమే. గురువుగారి ఫీజు, శ్రుతిపెట్టె, ఆకాశవాణి ఆడిషనుకు బస్సు ఛార్జీ, అన్నీ ఎవర్నీ చెయ్యి చాచకుండా పెట్టుకోగలిగాను. తెల్లవారుజామున నాలుగున్నరకు సాధన, ఆరింటికల్లా పొయ్యి దగ్గర. మార్చి నెలాఖరు లెక్కలప్పుడు వారాల తరబడి గొంతు విప్పడం కుదిరేది కాదు. ప్రమోషనంటే బదిలీ, బదిలీ అంటే గురువు దూరం. అందుకని రెండుసార్లు ప్రమోషను వద్దనుకున్నాను.

1995లో బ్యాంకు ఉద్యోగుల పింఛను నిబంధనలు వచ్చాయి. 20 ఏళ్ళ సర్వీసు పూర్తయితే మూడు నెలల ముందు నోటీసిచ్చి స్వచ్ఛందంగా విరమించుకోవచ్చు, పింఛను వస్తుంది. ఈలోపు రాజీనామా చేస్తే అది పోతుంది. నాకు 37వ ఏటే మానెయ్యాలనిపించింది. అయినా ఆగాను. 2011లో నోటీసిచ్చేసరికి 45. ఆ మధ్య ఏళ్ళలో సడలిపోయిన గొంతు పూర్తిగా తిరిగి రాలేదు. నా ‘సాహసానికి’ నేను కట్టిన ధర అది.

నోటీసిచ్చిన రోజు నుంచీ ప్రశ్నలే. ‘నీకేం తక్కువైందని?’ ‘పిల్లాడి చదువు మాటేమిటి?’ ‘ఈ వయసులో కచేరీలేమిటి?’ మా దూరపు బంధువు ఒకాయన ఉద్యోగం మానేసి మృదంగం పట్టుకుంటే ‘కళ కోసం తపస్సు’ అన్నవాళ్ళే నన్ను ‘పొగరు’ అన్నారు. ఆయన తపస్సు చేసుకుంటూ ఉంటే ఇల్లు నడిపింది భార్య టీచరుద్యోగం. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మా అమ్మ ఒక్కతే సూటిగా మాట్లాడింది. ‘పాడుకో, కాదనను. నీదంటూ చేతిలో రూపాయి లేని రోజు మాత్రం తెచ్చుకోకు’ అంది.

ఉద్యోగం మానేస్తే రోజంతా సాధనే అనుకున్నాను. జరిగింది వేరు. నేను బ్యాంకుకు వెళ్ళే రోజుల్లో గ్యాసు బండ వచ్చినా, కుళాయి బాగుచేసే మనిషి వచ్చినా ఇంట్లో ఎవరో ఒకరు చూసుకునేవారు. ‘ఇప్పుడు ఇంట్లోనే ఉంటావుగా’ అన్న ఒక్క మాటతో అవన్నీ నా నెత్తికెక్కాయి. అత్తగారి మందులు, చుట్టాల రాకపోకలు సరేసరి. వర్ణం మధ్యలో కాలింగ్ బెల్ మోగితే లేవాల్సింది నేనే. బ్యాంకు కౌంటరులో కూచున్న మనిషిని ‘కాస్త లేచి రా’ అని ఎవరూ పిలవరు. తంబూరా ముందు కూచున్న ఆడమనిషిని పిలుస్తారు.

జీతం రాని పని పనే కాదన్న లెక్క మనకు కొత్తదేం కాదు. ఇంటిచాకిరీ గురించి మనం ఏళ్ళ తరబడి మాట్లాడుతున్నదే. సాధన కూడా ఆ ఖాతాలోకే పోతుందని నాకు అనుభవమైతేగానీ తెలియలేదు. చివరికి వీధి చివర ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి చెప్పులేసుకుని ‘వెళ్ళొస్తా’ అని బయల్దేరాకే నాదీ ఒక పనేనని ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ అద్దె కూడా పింఛనులోంచే.

పాడి బతికిన స్త్రీలు మనకు లేకపోలేదు. కళావంతుల స్త్రీలు తరతరాలుగా ఆటపాటల్ని వృత్తిగా చేసుకున్నారు. ఆ వృత్తిలో కులం కట్టుబాటు, లైంగిక దోపిడీ ఉన్నాయి. వాటిని అందంగా చూపించడం నా ఉద్దేశం కాదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది, రావలసిందే. అయితే సంస్కరణల క్రమంలో ఎందరికో దోపిడీతో పాటు జీవనోపాధీ పోయింది. పాట మాత్రం ‘కుటుంబ స్త్రీల’ ఇళ్ళలోకి డబ్బుతో సంబంధం లేని ‘సంస్కారం’గా వచ్చి చేరింది. పాటకు డబ్బడిగే ఆడదాన్ని ఇప్పటికీ తక్కువగా చూడటానికి మూలం అక్కడుందని నా అభిప్రాయం.

బెంగుళూరు నాగరత్నమ్మను తలుచుకోండి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను ఆమె 1910లో అచ్చువేయిస్తే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో స్త్రీలను పాడనివ్వకపోతే స్త్రీల కోసం వేరుగా ఆరాధన జరిపించింది. ఆ గుడి వెనకా, ఆ ఎదురు తిరగడం వెనకా ఉన్నది ఆమె స్వార్జితమే.

ఉద్యోగంతో పాటు ఇంకేమి వదులుకున్నానో నాకు తర్వాత తెలిసింది. జబ్బు చేస్తే సెలవు, వెనక ఒక యూనియను, ఫిర్యాదు చేసుకోవడానికి ఒక కమిటీ. సంగీతంలో చాలాసార్లు గురువు ఇల్లే పనిచోటు, గురువు మాటే సిఫారసు. 2018లో కర్ణాటక సంగీత రంగంలోని స్త్రీలు వేధింపుల గురించి నోరు విప్పారు. ఆరోపణలు వచ్చిన ఏడుగురిని మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆ డిసెంబరు ఉత్సవం నుంచి తప్పించింది. పెద్ద సభలో అదైనా జరిగింది. చిన్న ఊళ్ళో సంగీతం చెప్పే ఇంటి సంగతేమిటి? పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట్ల నుంచి వచ్చే ఫిర్యాదుల కోసం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మీ జిల్లాలో ఆ కమిటీ ఎక్కడుందో పాడేవాళ్ళకు, ఆడేవాళ్ళకు, వాయించేవాళ్ళకు ఎవరైనా చెప్పారా? ఇది మన సంఘాలు రేపే మొదలుపెట్టగల పని.

ఇక మన ఇంటి సంగతి. ఆ మార్చి సభలో షామియానాకు డబ్బిచ్చారు, మైకుకిచ్చారు, భోజనాలకిచ్చారు. నాకు శాలువా కప్పారు. నాతో వచ్చిన వయొలిన్, మృదంగం కళాకారులకు నేనే ఇచ్చుకున్నాను. ఆ మాట అంటే నిర్వాహకురాలు నొచ్చుకుంది. ‘మీరు మనవాళ్ళే కదా మేడం, ఉద్యమానికి డబ్బేమిటి?’ అంది. నిజమే, ఉద్యమానికి పాడతాను. నాకు పింఛనుంది కనక పాడగలను. లేనివాళ్ళ మాటేమిటి? 1992 సారా వ్యతిరేక పోరాటానికి ముందు నెల్లూరు జిల్లా పల్లెల్లో అక్షరాస్యతా జాతాలు పాటలతోనే తిరిగాయి. ఈనాటికీ పాట లేకుండా మన సభ మొదలవదు. సమాన పనికి సమాన వేతనమని నినాదమిచ్చే వేదిక మీదే పాడినామెకు వేతనం ఉండదు.

సంఘాల ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఎంత తక్కువైనా సరే, బడ్జెట్టు వేసేటప్పుడు పాటకూ ఒక పద్దు రాయండి. ఇవ్వలేకపోతే ఆ మాట ముందే చెప్పండి. ఇవ్వలేకపోవడం వేరు, ఇవ్వనక్కర్లేదనుకోవడం వేరు.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి ఉంది. తల్లి బట్టలు కుడుతుంది. ఆ పిల్లది నాకంటే మంచి గొంతు. డిగ్రీ అయి, ఈ మధ్యే ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ‘చేరకుండా మీలాగా పాడుకోనా మేడం?’ అని అడిగింది. ‘నాలాగా అంటే ముందు ఇరవయ్యేళ్ళు పనిచెయ్యాలి’ అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. నాకు వచ్చే లాంటి పింఛను ఆమె ఉద్యోగంలో లేదు. 2010 ఏప్రిల్ నుంచి బ్యాంకుల్లో చేరినవాళ్ళకూ ఆ పాత పద్ధతి లేదు. ఇరవయ్యేళ్ళు ఆగితే ఆ గొంతు ఇలాగే ఉంటుందన్న భరోసా అంతకంటే లేదు.

ఉద్యోగంలో చేరమనే చెప్పాను. నా గది తాళంచెవి ఒకటి ఇచ్చాను. ఆదివారాలు చిన్నపిల్లలకు పాఠం చెబితే ఆ ఫీజు నీదే అన్నాను. నేను చెయ్యగలిగింది అంతే. మిగతాది మనందరి పని. వచ్చే మార్చి సభకు ఆమెను తీసుకొస్తాను. శాలువా కొనకండి. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఆమె చేతికివ్వండి.