అమ్మతో పట్నానికి: బస ఎక్కడ?

అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న గుమ్మఘట్ట ప్రాంతంలో ప్రయాణమనే మాటకు విహారమనే అర్థం తక్కువ. వేదవతి నదిపై కట్టిన భైరవానితిప్ప జలాశయం ఈ మండలంలోనే ఉన్నా, వానను నమ్ముకొని వేరుశనగ విత్తే మెట్ట పొలాలే ఇక్కడి కుటుంబాలకు ఆధారం. ఆ వాన సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే కురిసే జిల్లా ఇది. ఇటువంటి చోట వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని పట్నం బయలుదేరారంటే సాధారణంగా అది వైద్యం కొరకే. చిన్న జబ్బుకు రాయదుర్గం, కొంత పెద్దదానికి బళ్ళారి లేక అనంతపురం. గుండె, మెదడు, క్యాన్సరు అనే మాటలు వినబడితే బెంగళూరు. హైదరాబాదులో మన భాష వినిపిస్తుంది గాని అది చాలా దూరం. చళ్ళకెర, హిరియూరు, తుమకూరు మీదుగా బెంగళూరే దగ్గర.

ఏ ఆస్పత్రికి వెళ్లాలి, ఏ వైద్యునికి చూపించాలి అనే విషయాలను ఇంటిల్లిపాదీ కూర్చొని చర్చిస్తారు. ఇరుగుపొరుగును అడుగుతారు, పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో సర్దుతారు. ఎక్కడ బస చేయాలి అనే ప్రశ్నను మాత్రం ఎవరూ అడగరు. బస్సు ఎక్కడ దింపితే అక్కడే లాడ్జి వెదుక్కోవడం మనకు అలవాటు. అందుకే మన వైపు నుండి వెళ్లిన వారిలో అనేకులు బెంగళూరు మెజెస్టిక్ చుట్టుపక్కల సందులలోనే దిగుతారు. అక్కడ గదులు చవక, హోటళ్లు దగ్గర, తెలుగు తెలిసినవారు దొరుకుతారు. యువకుడు ఒంటరిగా వెళ్లినప్పుడు ఈ పద్ధతిలో లోపమేమీ లేదు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల తల్లి వెంట ఉన్నప్పుడు మాత్రం ఇదే పద్ధతి ఆమెకు శిక్షగా మారుతుంది.

కారణం సులభమైనది. బస్టాండుతో మనకు పని రెండుసార్లే: వచ్చిన రోజు, తిరిగి వెళ్లే రోజు. ఆస్పత్రితో పని ప్రతి దినమూ ఉంటుంది. ఉదయం ఓపీ చీటీ, ఆపైన రక్తపరీక్ష, మధ్యాహ్నం స్కానింగు, సాయంత్రం రిపోర్టు, మరునాడు మళ్లీ వైద్యుని దర్శనం. రెండుసార్లు చేసే ప్రయాణాన్ని సుఖపరచుకొని, పదిసార్లు చేసే ప్రయాణాన్ని కష్టపెట్టుకోవడం వివేకం కాదు. ఏ చోటికి మాటిమాటికీ పోవలసి ఉన్నదో ఆ చోటికి దగ్గరగా బస ఉండాలి. వృద్ధులతో చేసే ప్రయాణానికి ఇదే మొదటి సూత్రం.

ఈ సూత్రం మన పెద్దలకు తెలియనిది కాదు. హైదరాబాదులో నాంపల్లి రైల్వే స్టేషను సమీపాన 1919లో ఏడవ నిజాం కాలంలో కట్టిన సరాయి ఇందుకు నిదర్శనం. ఆనాటి ప్రయాణికునికి రైలు దిగగానే తల దాచుకునే నీడ కావాలి గనుక సరాయిని రైలు దగ్గర కట్టారు. ప్రయాణికుని అవసరం ఎక్కడ ఉన్నదో సత్రం అక్కడికి వచ్చింది. రోగి అవసరం ఆస్పత్రి దగ్గర ఉన్నది. బెంగళూరులోని నిమ్హాన్స్, కిద్వాయి వంటి పెద్ద ప్రభుత్వ సంస్థలలో రోగుల బంధువుల కొరకు ధర్మశాలలు ఏర్పడినది కూడా ఇందుకే. అక్కడ చోటు దొరుకుతుందో లేదో, ఏ పత్రాలు చూపాలో బయలుదేరక ముందే విచారించాలి. దొరకకపోతే లాడ్జి మాట ఆలోచించవచ్చు.

బెంగళూరు ఒక్క ఊరు కాదని గుర్తుంచుకోవాలి. నిమ్హాన్స్, కిద్వాయి హోసూరు రోడ్డు వైపు ఇరుగుపొరుగున ఉన్నవి. అక్కడికి వెళ్లేవారు విల్సన్ గార్డెన్, లక్కసంద్ర వంటి పేటలలో గది చూసుకోవాలి. జయదేవ గుండె ఆస్పత్రి బన్నేరుఘట్ట రోడ్డు మీద ఉన్నది. తిలక్ నగర్, గురప్పనపాళ్య దానికి సమీప పేటలు. నారాయణ హృదయాలయ బొమ్మసంద్రలో, మెజెస్టిక్ నుండి 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. శ్రీ సత్యసాయి ఆస్పత్రి వైట్‌ఫీల్డ్ వైపు, నగరానికి తూర్పు కొసన ఉన్నది. ఏ ఆస్పత్రో నిర్ణయం కాకుండా గది నిర్ణయించడం, కాలి కొలత తెలియకుండా చెప్పులు కొనడం వంటిది.

దగ్గర అంటే కిలోమీటర్లు మాత్రమే కాదు, ఎన్నిసార్లు ఎక్కి దిగాలన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సత్యసాయి ఆస్పత్రి దూరమే అయినా, మెజెస్టిక్ నుండి ఊదారంగు మెట్రో మార్గంలో బండి మారకుండా ఆ పేరు గల స్టేషనులోనే దిగవచ్చు. జయదేవ ఆస్పత్రికి కూడా 2025 ఆగస్టులో ప్రారంభమైన పసుపుపచ్చ మార్గంలో స్టేషను ఉన్నది. అయితే మెజెస్టిక్ నుండి వెళ్లేవారు ఆకుపచ్చ మార్గంలో ఆర్.వి. రోడ్డు వరకు వెళ్లి అక్కడ బండి మారాలి. స్టేషన్లలో లిఫ్టులున్నా, రద్దీ వేళ ఒక ప్లాట్‌ఫారం నుండి మరొక దానికి వృద్ధురాలిని నడిపించడం తేలిక కాదు. కూర్చున్న చోటి నుండి లేవడమే కష్టమైన మనిషికి ఒక గంట నిలకడ ప్రయాణం కంటే అరగంటలో రెండు బండ్లు మారడమే భారం.

ఇక డబ్బు మాట. దగ్గరి గది ఖరీదని వెనుకాడేవారు ఆటో ఖర్చును లెక్కలో వేయరు. 2025 ఆగస్టు 1 నుండి బెంగళూరులో అమలైన ధరల ప్రకారం ఆటోకు మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన ప్రతి కిలోమీటరుకు 18 రూపాయలు. గది 8 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఒక పోక 144 రూపాయలు, పోకరాకలు కలిపి 288 రూపాయలు. దూరపు లాడ్జిలో అద్దె రోజుకు 300 తగ్గిందని సంతోషించినవారికి చివరకు మిగిలేది 12 రూపాయలు. అదీ ఆటో మీటరు ప్రకారం నడిస్తే. రాత్రి పది దాటితే ఛార్జీ ఒకటిన్నర రెట్లు. ఆ 12 రూపాయల కొరకు అమ్మను రోజుకు రెండుసార్లు నగరం రద్దీలో కుదిపినట్లవుతుంది.

దగ్గరి బస వలన కలిగే అసలు మేలు మధ్యాహ్నం వేళ తెలుస్తుంది. ఉదయం పరీక్షలు ముగిసిన తరువాత రిపోర్టులు వచ్చేవరకు మూడు నాలుగు గంటల ఖాళీ ఉంటుంది. గది దూరమైతే వృద్ధులు ఆ గంటలన్నీ ఆస్పత్రి వరండాలో, ఇనుప కుర్చీలో, సంచి ఒడిలో పెట్టుకొని గడుపుతారు. గది దగ్గరైతే వచ్చి నాలుగు మెతుకులు తిని, మందు వేసుకొని, ఉజూ చేసి జుహర్ నమాజు నెరవేర్చుకొని, నడుము వాలుస్తారు. సాయంత్రం వైద్యుని ముందు కూర్చున్నప్పుడు వారి రక్తపోటులోను, మాటలోను ఆ విశ్రాంతి ప్రభావం కనిపిస్తుంది. తన బాధను తానే స్పష్టంగా చెప్పుకోగలుగుతారు. అలసిన రోగి “అంతా బాగానే ఉంది” అని చెప్పి లేచిపోవాలని చూస్తాడు. అప్పుడు వైద్యం దెబ్బతింటుంది.

గదిని ఫోనులో మాట్లాడుకునేటప్పుడు “ఆస్పత్రికి ఎంత దూరం?” అని అడిగి ప్రయోజనం లేదు. ఏ లాడ్జివారైనా “ఇక్కడే, రెండు నిమిషాలు” అంటారు. సెల్‌ఫోను పటంలో 200 మీటర్లని కనిపించవచ్చు. కాని మధ్యలో డివైడరు గల పెద్ద రోడ్డు ఉంటే, పాదచారుల వంతెన ఎక్కి దిగితే తప్ప అవతలికి చేరలేరు. పటానికి అది 200 మీటర్లు, అమ్మ మోకాళ్లకు అది రెండు అంతస్తులు. కనుక ఇలా అడగాలి: ఆస్పత్రి రోడ్డుకు ఏ వైపు ఉన్నది, మీ లాడ్జి ఏ వైపు? దారి ఎగువా, చదునా? ఆటో గుమ్మం వరకు వస్తుందా, సందు మొదట ఆగిపోతుందా? లోపలికి ఎన్ని మెట్లు? కింది అంతస్తులో గది ఉన్నదా? లిఫ్టు ఉంటే కరెంటు పోయినప్పుడు నడుస్తుందా? రాత్రి షట్టరు వేస్తారా, నడిరేయి అవసరం పడితే తీసేవారు ఎవరు? గుండె రోగితో వెళ్లేవారికి ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం.

గది లోపల చూడవలసినది మంచం మీది దుప్పటి కాదు, స్నానాల గది. వృద్ధులు జారిపడేది ఎక్కువగా అక్కడే. నేల నున్నగా ఉన్నదా, గడప ఎత్తుగా ఉన్నదా, పట్టుకోవడానికి ఆధారమేమైనా ఉన్నదా పరిశీలించాలి. కూర్చొని లేవలేని వారికి కుర్చీ వంటి మరుగుదొడ్డి తప్పనిసరి. ఉంటుందో లేదోనన్న సందేహమున్నవారు మడత కుర్చీని వెంట తీసుకువెళ్లడం మేలు. వేడినీళ్లు ఏ గంట నుండి ఏ గంట వరకు ఇస్తారో అడగాలి, ఎందుకంటే ఓపీ చీటీ కొరకు తెల్లవారకముందే బయలుదేరవలసి రావచ్చు. జానమాజు పరచుకునేంత చోటు, కూర్చొని నమాజు చేసేవారికి గట్టి కుర్చీ ఒకటి ఉంటే చాలు.

మన కుటుంబాలలో కొందరు మస్జిద్, హలాల్ భోజనం దగ్గర ఉంటాయని శివాజీనగర్‌లో దిగుతారు. కోరిక న్యాయమైనదే. అయితే జయదేవకు వెళ్లేవారికి అదే సౌకర్యం గురప్పనపాళ్య, తిలక్ నగర్ పేటలలో ఆస్పత్రి పక్కనే లభిస్తుంది. ఒక దాని కొరకు మరొక దానిని వదులుకోనక్కరలేదు, ముందుగా విచారిస్తే చాలు. భోజనం విషయంలో పెద్దల కడుపు తీరు కూడా తెలిసి ఉండాలి. రాగి సంగటికి అలవాటుపడిన వారికి కన్నడ దేశంలో రాగి ముద్ద దొరకడం ఒక అదృష్టం. మధుమేహం ఉన్నవారికి వేళకు తిండి అందడం మందుతో సమానం.

ఇక సున్నితమైన విషయం బంధువుల ఇల్లు. కరువు మూలంగా బెంగళూరుకు వలస వెళ్లిన బిడ్డలు, మేనల్లుళ్లు మన ఊళ్లలో అనేక కుటుంబాలకు ఉన్నారు. పీణ్యా వైపు మూడవ అంతస్తులో ఒకే గదిలో నలుగురు ఉంటూ, “మా ఇల్లుండగా లాడ్జి ఏమిటత్తా?” అని ప్రేమతో అడుగుతారు. కాదంటే నొచ్చుకుంటారు, అవునంటే అమ్మ రోజూ మూడు అంతస్తులు ఎక్కి దిగాలి. అంతేకాదు, పగలంతా పనికి పోయి వచ్చినవారికి తన వలన నిద్ర చెడుతున్నదని ఆమె రాత్రంతా దగ్గును అదుముకుంటుంది. ఇందుకు మధ్యేమార్గం ఉన్నది. వైద్యం జరిగే రోజులలో ఆస్పత్రి దగ్గర గది తీసుకోవాలి. అంతా ముగిసిన తరువాత, ఊరికి బయలుదేరే ముందు ఒక పూట వారి ఇంట అతిథులుగా ఉండాలి. రోగిగా వెళ్లి బాధపడే కంటే కుదుటపడిన మనసుతో వెళ్లి దీవించడం ఇరువురికీ గౌరవం. ఈ మాటను బయలుదేరక ముందే, పెద్దవారి నోటనే వారికి చెప్పించాలి.

చివరి మాట తల్లిదండ్రుల మనసుకు సంబంధించినది. “నాకేమీ కాదప్పా, నడుస్తాలే” అని అమ్మ అన్నప్పుడు దానిని అంగీకారంగా తీసుకోకూడదు. వాన తప్పిన ఏట చేను ఎండిపోవడం ఆమె కళ్లారా చూసింది. గది అద్దెను ఆమె రూపాయలలో లెక్కించదు, కూలి దినాలలో లెక్కిస్తుంది. బిడ్డకు ఖర్చు తగ్గించడానికి తన కాళ్లను ఖర్చు చేస్తుంది. తల్లిదండ్రులు వార్ధక్యానికి చేరినప్పుడు వారి ఎదుట విసుగు మాటైనా పలుకరాదని దివ్య ఖుర్ఆన్ పదిహేడవ సూరా ఆజ్ఞాపిస్తున్నది. అలసిన మనిషిని వంతెన మెట్ల దగ్గర నిలబెట్టి, ఆలస్యమవుతున్నదని తొందరపెట్టే స్థితి వస్తే ఆ విసుగు మన నోట రాకుండా ఉండదు. విసుగు రాని చోట బస చూసుకోవడం ఆ ఆజ్ఞను పాటించే మార్గాలలో ఒకటి. “అమ్మా, నడవగలవా?” అని అడిగితే ఔననే అంటుంది. “ఇక్కడి నుండి మన వీధి చివరి వరకు ఎన్నిసార్లు ఆగుతావు?” అని అడిగి, ఒక సాయంత్రం ఆమెతో నడిచి చూడాలి. ఆ లెక్కే మనకు కావలసిన దూరాన్ని చెబుతుంది.

ఈ లెక్క ఆస్పత్రికే కాదు, పుణ్యయాత్రకూ వర్తిస్తుంది. మక్కా కొండల నడుమ లోయలో వెలసిన నగరం. హరమ్‌కు ఇన్ని మీటర్లే అని చెప్పిన హోటలు ఎత్తైన దారిలో ఉండవచ్చు. గోపురాల వంటి భవనాలలో నమాజు వేళ లిఫ్టు కొరకు చాలాసేపు నిలబడవలసి రావచ్చు. హజ్ కమిటీ ద్వారా వెళ్లే మన యాత్రికులలో అధికులు ఉండే అజీజియా హరమ్‌కు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. బస్సులు నడుస్తాయి గాని, హజ్ ముఖ్య దినాలకు ముందు వెనుకలు అవి ఆగిపోతాయి. మదీనా నేల చదును గనుక అక్కడ ఇంత ఇబ్బంది ఉండదు. ఉమ్రా ప్యాకేజీకి సొమ్ము కట్టే ముందు కూడా ఏజెంటును అడగవలసినవి అవే ప్రశ్నలు: ఎగువా, చదునా? ఎన్ని మెట్లు? ఎన్నిసార్లు బండి మారాలి?

ప్రయాణపు సంచి సర్దేటప్పుడు రిపోర్టులతో పాటు, ఆధార్ కార్డులతో పాటు ఈ ప్రశ్నలు రాసిన కాగితం కూడా ఉంచుకోండి. ఊరి నుండి బయలుదేరక ముందే, పగటిపూట, అమ్మ వినేలా ఆ ఫోను చేయండి. తన మోకాళ్ల గురించి బిడ్డ ఎవరినో ఇంత వివరంగా అడుగుతున్నాడని విన్న తరువాత, అవసరమైతే “కొంచెం ఆగుదాం నాయనా” అని అడగడానికి ఆమె సంకోచించదు.