బీపీ చెప్పే యంత్రం వచ్చింది.. మాత్ర మాటేమిటి?

అనంతపురం: రక్తపోటు అంకెలు, వయసు, పొగతాగే అలవాటు, మధుమేహం వివరాలు నమోదు చేస్తే చాలు. రానున్న పదేళ్లలో ఓ వ్యక్తికి గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు ఎంతో చేతిలోని తెర క్షణాల్లో చెప్పేస్తుంది. ఆసుపత్రి గడప తొక్కని పల్లెవాసులకు ఇది మేలే. అయితే ముప్పు ఉందని తెలియడం వేరు, అది తప్పడం వేరు. ఈ రెంటి మధ్య దూరమెంతో మన రాష్ట్రంలోనే జరిగిన ఓ పరిశోధన తేటతెల్లం చేసింది. కరవుతో, వలసలతో అల్లాడే అనంత పల్లెలు దానినుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

గోదావరి పల్లెల్లో పరిశోధన

గుండెజబ్బు కలవారి రోగమన్న అపోహ ఏనాడో తొలగిపోయింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1.80 లక్షల జనాభాలో 2003-04లో సంభవించిన మరణాలకు కారణాలు ఆరా తీస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. 2006లో వెలువడిన ఈ వివరాలు వైద్యలోకాన్ని ఆలోచింపజేశాయి.

ఆ తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు డాక్టర్ దేవరశెట్టి ప్రవీణ్, డేవిడ్ పీరిస్ తదితరులు ‘స్మార్ట్‌హెల్త్’ విధానాన్ని రూపొందించారు. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలను ఎంచుకున్నారు. ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, నలభై ఏళ్లు దాటిన వారిని ఇంటివద్దే పరీక్షింపజేశారు. ముప్పు ఎక్కువగా ఉన్న వారిని ఆరోగ్య కేంద్రానికి పంపితే, ఏ మందు ఇవ్వాలో వైద్యుడికీ కంప్యూటర్ సూచిస్తుంది. ఇలా 8,600 మందికి పైగా గుర్తించారు.

2019లో ఫలితాలు వెల్లడయ్యాయి. కార్యక్రమం అమలైన దశలోనూ, అమలుకు ముందు దశలోనూ రక్తపోటు అదుపులో ఉన్న వారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆశించినది దక్కకపోయినా పరిశోధకులు ఆ విషయాన్ని దాచకుండా ప్రకటించడం గమనార్హం.

లోపం ఎక్కడ?

ఆశా కార్యకర్త ముప్పును గుర్తించగలదు గానీ మందు రాయలేదు. వైద్యుడు రాసినా కేంద్రంలో నిల్వ ఉండాలి. ఉన్నా రోగి నెలనెలా వచ్చి తీసుకోవాలి. రక్తపోటుకు నొప్పి ఉండదు. కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని, నొప్పిలేని జబ్బుకు మందు తెచ్చుకోవడం పేదవాడికి భారమే. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా ట్యాబ్‌లోని అంకె అంకెగానే మిగులుతుంది.

2017లో తెలంగాణ సహా అయిదు రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మరో దారి పట్టింది. అందరికీ ఒకే సులభమైన చికిత్సా క్రమం, మందుల నిల్వకు హామీ, నర్సులకు బాధ్యత అప్పగింత ముందు నిలిచాయి. ‘సింపుల్’ అనే యాప్ వాటికి తోడైంది. గడువు దాటినా రాని రోగుల జాబితాను అది సిబ్బందికి చూపుతుంది. వారు ఫోన్ చేసి పిలుస్తారు. ఈ కార్యక్రమం 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం అందుకుంది.

అనంత ప్రత్యేకత

గుండె ఆగే వేళ ఆదుకునే ఏర్పాట్లలో ఈ నేలది ముందడుగే. పుట్టపర్తిలో శ్రీసత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ 1991 నుంచి ఉచితంగా గుండె శస్త్రచికిత్సలు చేస్తోంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. శస్త్రచికిత్సకు లక్షలు వెచ్చించే వ్యవస్థలో, ఆ అవసరమే రాకుండా చూసే చవక మాత్రకు అంతటి ప్రాధాన్యం దక్కిందా అన్నది ప్రశ్న.

ఇక్కడ వలస మరో చిక్కు. వానలు మొహం చాటేస్తే వేరుశనగ రైతు, కూలీ బెంగళూరుకో, కేరళకో మూటాముల్లె సర్దుకుంటారు. ఊళ్లో ఆశా కార్యకర్త వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుంది. వెళ్లిన చోట కొత్త వైద్యుడికి పాత చికిత్స తెలియదు. మాత్ర అక్కడితో ఆగిపోతుంది.

2021లో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆరోగ్య సంఖ్యకు ఇక్కడే అసలు పరీక్ష. ఎన్ని సంఖ్యలు జారీ చేశామన్నది ఘనత కాదు. కదిరి నుంచి వెళ్లిన కూలీ వివరాలు బెంగళూరు శివారు ఆరోగ్య కేంద్రంలో తెరుచుకుంటేనే దానికి సార్థకత. వలసకు బయలుదేరే వారికి రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వడం అంతకన్నా సులువైన పని. అధికారుల సమీక్షల్లో ఎందరిని పరీక్షించారన్న లెక్కతో పాటు, ఎందరి రక్తపోటు అదుపులో ఉందన్న లెక్కా అడగాలి. ఆ రెండో లెక్క అడిగిన నాడే ట్యాబ్‌కు పెట్టిన ఖర్చు ప్రాణం నిలిపిన ఖర్చవుతుంది.