నాడి చూడాలా... ఊపిరి చూడాలా?

మత్తుమందు ఇచ్చాక రోగి బల్లమీదే ప్రాణం వదిలేస్తే, ముందు ఆగింది గుండెనా, ఊపిరా? నూట ముప్ఫై ఏళ్ల కిందట డాక్టర్లు రెండు వర్గాలుగా చీలిపోయి కొట్లాడుకున్న ప్రశ్న ఇది. ఆ తగువు తీర్చడానికి పంచాయితీ పెట్టింది లండన్‌లో కాదు, పారిస్‌లోనూ కాదు... మన హైదరాబాద్‌లో!

క్లోరోఫామ్‌ని 1847 నవంబరులో ఎడిన్‌బరో డాక్టర్ జేమ్స్ సింప్సన్ వాడుకలోకి తెచ్చాడు. కోత అంటే రోగిని నలుగురు పట్టుకుని అదిమిపెట్టే రోజులవి. కాబట్టి అందరూ దాన్ని వరంగానే భావించారు. మూడు నెలలు తిరక్కుండానే 1848 జనవరిలో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి వేలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫామ్ పీల్చింది. నిమిషాల్లోనే చనిపోయింది. గోరు తీయడానికి ప్రాణం పోయింది! తర్వాత అలాంటి మరణాలు ఒకటొకటిగా వస్తూనే ఉన్నాయి. 'మందు గుండెని ఆపేస్తోంది, నాడి పట్టుకుని కూర్చోండి' అన్నారు లండన్ డాక్టర్లు. 'కాదు, ఊపిరి ఆగడమే అసలు ప్రమాదం. దాన్ని కనిపెట్టుకుంటే చాలు' అన్నారు ఎడిన్‌బరో వాళ్లు.

ఈ రెండో బడిలో చదువుకున్నవాడే ఎడ్వర్డ్ లారీ. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్. చార్మినార్ నుంచి మదీనా మీదుగా నయాపూల్ దాటితే ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి వస్తుంది కదా, 1908 మూసీ వరదకి ముందు ఆ దరిదాపుల్లోనే అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. పాతబస్తీ జనం వైద్యానికి వెళ్లింది అక్కడికే. అక్కడ లారీగారి రూలు ఒక్కటే. మందు ఇచ్చేవాడు రోగి ఊపిరి మీంచి కన్ను తీయకూడదు, నాడి జోలికి పోకూడదు. వేలమందికి అలాగే ఇచ్చాం, ఏమీ కాలేదన్నది ఆయన ధీమా.

1888లో వీధికుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. మందు మోతాదు పెంచుతూ పోతే ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, గుండె ఆ తర్వాతే ఆగింది. 1889 జనవరిలో విక్టోరియా రాణి కొడుకు డ్యూక్ ఆఫ్ కన్నాట్ హైదరాబాద్ మెడికల్ స్కూల్లో బహుమతులు పంచడానికి వస్తే, ఆయన ముందే లారీ ఈ సంగతి ఘనంగా ప్రకటించేశాడు. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఊరుకుంటుందా? నమ్మం పొమ్మంది. 'అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది' అన్నారు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. వెయ్యి పౌండ్లు! అప్పట్లో అదేమీ చిన్న మొత్తం కాదు.

అలా వచ్చినవాడు లాడర్ బ్రంటన్. గుండె మందుల్లో అప్పటికే పేరున్న పెద్ద డాక్టరు. రెండో కమిషన్‌లో హైదరాబాద్ డాక్టర్ రుస్తుంజీ కూడా సభ్యుడే. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు... మొత్తం 490 జీవాల మీద పరీక్షలు జరిగాయి. ఇవాళ అలా చేస్తామంటే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. 120 జీవాలకు రక్తపోటు కొలిచే పరికరం కూడా తగిలించారు. చివరికి బ్రంటన్ లండన్‌కి టెలిగ్రామ్ కొట్టాడు. ప్రమాదమల్లా ఊపిరాడకపోవడం, మోతాదు మించడం... మందు నేరుగా గుండెని ఏమీ చేయదు అని! లారీ గెలిచాడు.

గెలిచాడు గానీ ఆ తీర్పు తప్పు.

పరీక్షలు అబద్ధం కాదు. చూసింది చూసినట్టే రాశారు. మోతాదు ఎక్కువైతే ముందు ఊపిరే ఆగుతుంది, నిజమే. కానీ హన్నాలాంటి వాళ్లు చాలామంది పోయింది మత్తు బాగా ఎక్కాక కాదు, ఎక్కీ ఎక్కకముందే. ఆ చిక్కుముడిని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో విప్పాడు. క్లోరోఫామ్ కొద్దిగా పీల్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొట్టుకోవడం మానేసి ఊరికే వణుకుతుంది. అంతే, రక్తప్రసారం ఆగిపోతుంది. భయపడితే ఒంట్లో పెరిగేది అడ్రినలినే! హన్నా ఆ రోజు ఆపరేషన్ అంటే హడలిపోయి ఏడుస్తూనే ఉందట. ఆమెకు జరిగింది ఇదే అయ్యుంటుందని చాలామంది డాక్టర్ల అభిప్రాయం. అఫ్జల్‌గంజ్‌లో ఎన్ని జీవాలకు మందిచ్చినా, ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఎవరికీ తోచలేదు.

అలాగని లారీని పూర్తిగా కొట్టిపారేయలేం. మత్తులో ఉన్న రోగి ఊపిరిని క్షణం కూడా వదలకుండా చూడాలని ఆయన పట్టుబట్టింది మంచి మాటే. 'నాడి అక్కర్లేదు' అనడమే కొంప ముంచింది. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తారు, ఛాతీకి తీగలు అంటించి గుండె లయా చూస్తారు. రెండూ ఒకే తెర మీద! క్లోరోఫామ్‌ని మాత్రం ఎప్పుడో పక్కన పెట్టేశారు.

ఈ కథలో మరొకరి సంగతి చెప్పుకోవాలి. లారీ ఆ మెడికల్ స్కూలు తలుపులు ఆడపిల్లలకూ తెరిచాడు. అలా అందులో చేరిన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా ఆమెను చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో ఎందరికో తన చేత్తో క్లోరోఫామ్ ఇచ్చారు. మత్తు వైద్యానికి విడిగా కోర్సు లేని కాలం కావడంతో 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని వచ్చారు. 1920లో చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంట్‌గా పదవీ విరమణ చేశారు.