సంతకం పెట్టనంటే సహించాలా?

‘‘పదేళ్ల కార్డు చేతికొచ్చేదాకా కొంచెం ఓర్చుకో తల్లీ, సర్దుకో.’’

ఈ మాట అన్నది అత్తింటివాళ్లు కాదు, మేమే. మా సంఘంలో పెరిగి, మా చేతుల మీదుగానే పెళ్లి చేసుకుని, అమెరికా పౌరుడైన తెలుగు అబ్బాయి వెంట వెళ్లిన బిడ్డతో ఫోన్‌లో అన్నాం. చెంపమీద దెబ్బ వాచి ఉందని చెప్పింది. జీతం అంతా ఆయన ఖాతాలోకే పోతోందని చెప్పింది. ‘‘నోరెత్తితే కాగితం మీద సంతకం పెట్టను, నిన్ను తిరిగి మీ ఊరికి పంపిస్తాను అంటున్నాడు అయ్యగారూ’’ అని ఏడ్చింది. మేము ప్రార్థన చేశాం. సర్దుకొమ్మన్నాం. ఆమె మా మాట విని ఇంకో పది నెలలు ఆ ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత ఒక ఉచిత న్యాయ సహాయ కేంద్రంలోని లాయరమ్మ చెబితే తెలిసింది: ఆయన సంతకం లేకుండానే ఆ కాగితం ఆమె మొదటి రోజే వేసుకోవచ్చట. ఆ పది నెలల దెబ్బల్లో మా పాలు ఎంత?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికే ఈ వ్యాసం. తెలియక అన్నాం అంటే సరిపోదు. కాపరికి తెలియకపోవడం గొర్రెకు ప్రాణం మీదికి వస్తుంది.

ముందు చట్టం సంగతి. దొంగ పెళ్లిళ్లను అరికట్టాలని 1986లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం, పెళ్లయి రెండేళ్లు నిండకముందే పెళ్లి ద్వారా గ్రీన్‌కార్డు వస్తే అది షరతులతో కూడిన కార్డు. దానికి గడువు రెండేళ్లే. గడువు తీరడానికి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ ఐ-751 అనే ఫారం మీద సంతకాలు చేసి, మా కాపురం నిజమైనదే అని రుజువులు పెట్టాలి. అప్పుడు షరతులు తీసేసి పదేళ్ల కార్డు ఇస్తారు. ఫారం వేయకపోతే హోదా పోతుంది, దేశం నుంచి పంపించే ప్రక్రియ మొదలవుతుంది.

చట్టం ఆడా మగా అని చూడదు. భార్య పౌరురాలైతే భర్త ఆధారపడతాడు. కానీ మన పెళ్లిళ్లలో ఎక్కువగా వరుడు అక్కడ, వధువు ఇక్కడ. కాబట్టి ఆ సంతకం ఎవరి చేతిలో ఆయుధమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మోసాన్ని పట్టుకోవడానికి పెట్టిన షరతు, మోసం చేయని ఆడపిల్ల మెడకు తాడైంది. ఆ తాడు కొస భర్త చేతిలో ఉందని అతనికి బాగా తెలుసు. ఆమెకు తెలియనిది ఒక్కటే: ఆ తాడుకు ముడి విప్పే దారులు అదే చట్టంలో ఉన్నాయి.

ఒకటి, పెళ్లి మనస్ఫూర్తిగా చేసుకుని, తర్వాత విడాకులతో ముగిసిపోతే, ఆమె ఒక్కతే ఫారం వేసుకోవచ్చు. విడాకులు ఎవరు అడిగారన్నది లెక్కలోకి రాదు. 90 రోజుల గడువు కోసం ఆగనక్కర్లేదు. అయితే కేసు కోర్టులో నడుస్తోంది అంటే సరిపోదు, తుది డిక్రీ చూపించాలి. రెండు, భర్త కొట్టినా, మానసికంగా తీవ్రంగా హింసించినా, విడాకులు కాకపోయినా సరే ఆమె ఒక్కతే వేసుకోవచ్చు. ఈ దారి 1990లో చేసిన చట్టంతో వచ్చింది. ఆమె పెట్టిన వివరాలను అధికారులు భర్తకు చెప్పకూడదు. కేవలం అతను చెప్పిన మాట పట్టుకుని ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదు. మూడు, వెనక్కి పంపితే ఆమెకు అసాధారణమైన కష్టం కలుగుతుందని రుజువు చేయగలిగితే అదీ ఒక కారణమే. ఇద్దరూ కలిసి ఫారం వేశాక విడాకులైతే, ఆ దరఖాస్తునే ఒంటరి దరఖాస్తుగా మార్చమని అడగవచ్చు. కాదంటే ఇమిగ్రేషన్ జడ్జి ముందు వాదించుకునే హక్కు ఉంది.

అంటే, ‘‘ఒక్క ఫోన్ కొడితే నీ కార్డు రద్దు’’ అనే బెదిరింపు అబద్ధం. కార్డు ఇచ్చేదీ తీసేసేదీ ప్రభుత్వమే గానీ మొగుడు కాదు. విడాకులైన మరుక్షణం కార్డు తనంతట తాను చచ్చిపోదు. ఆమెను పోషిస్తానని అతను సంతకం చేసిన హామీ పత్రం కూడా విడాకులతో రద్దు కాదు. ఈ సంగతులు ఆమెకు పెళ్లికి ముందే ఎందుకు తెలియలేదు? మేము పెళ్లికి ముందు నాలుగు వారాలు తరగతులు పెట్టాం. భార్య లోబడి ఉండాలని చెప్పాం. పాస్‌పోర్టు నీ దగ్గరే పెట్టుకో అని చెప్పలేదు.

ఇక్కడ కొందరు పెద్దలు లేచి అడుగుతారు: దేవుడు విడాకులను అసహ్యించుకుంటాడు గదా, మీరు కాపురాలు కూల్చే పాఠాలు చెబుతారా? అయ్యా, మలాకీ ప్రవక్త ఆ మాట చెప్పిన వచనంలోనే బలాత్కారాన్ని కూడా దేవుడు అసహ్యించుకుంటాడని ఉంది. సగం వచనం మీద మీరు ఇన్నేళ్లుగా ప్రసంగిస్తున్నారు. మిగతా సగం ఎవరు ప్రసంగించాలి? ధర్మశాస్త్రంలోని పరిత్యాగ పత్రిక సంగతి కూడా ఆలోచించండి. వెళ్లగొట్టబడిన స్త్రీ చేతిలో ఒక కాగితం లేకపోతే ఆమె ఎవరికీ చెందనిదై నలిగిపోతుందని ఆ కాలంలోనే గుర్తించారు. కాగితం విలువ మోషేకు తెలుసు. మనకే తెలియలేదు.

హాగరును గుర్తు చేసుకోండి. పరదేశి. ఐగుప్తు పిల్ల. ఆ ఇంట్లో ఆమె ఉనికి అంతా యజమానుల ఇష్టం మీద నిలిచింది. ఇష్టం పోయిన రోజున కొంచెం రొట్టె, ఒక నీళ్ల తిత్తి భుజాన పెట్టి, బిడ్డతో సహా అరణ్యంలోకి పంపేశారు. పంపినవాడు విశ్వాసులకు తండ్రి అనిపించుకున్నవాడే. దేవుడు మాత్రం ఆమె పక్కన నిలిచాడు, బిడ్డ ఏడుపు విన్నాడు, నీళ్ల బావి చూపించాడు. బావి అక్కడే ఉంది, ఆమెకు కనబడలేదు. సంఘం పని కూడా అదే: ఉన్న బావిని చూపించడం. మేమేమో తిత్తిలో నీళ్లు అయిపోయేదాకా ఓర్చుకోమన్నాం.

ఇంకో అభ్యంతరం: ‘‘కార్డు కోసం పెళ్లి చేసుకుని, కార్డు రాగానే వదిలేసేవాళ్లు లేరా?’’ ఉన్నారు. వాళ్లకు అదే చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. మేము వాళ్ల పక్షాన మాట్లాడటం లేదు. ఒంటరిగా ఫారం వేసే స్త్రీ కూడా పెళ్లి నిజమైనదని రుజువు చేసుకోవాల్సిందే. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, పన్ను రిటర్నులు, బీమా, బిడ్డల జనన పత్రాలు, ఆ కాపురాన్ని ఎరిగినవాళ్ల ప్రమాణ పత్రాలు పెట్టాలి. మోసాన్ని పట్టుకోవడానికి ఇవి చాలు. భర్త సంతకమే మామూలు దారి, మిగిలినవన్నీ మినహాయింపులు అనడంలోనే అన్యాయం ఉంది. ఖాతా ఆయన పేరున, అద్దె ఆయన పేరున, కారు ఆయన పేరున ఉన్న ఇంట్లో హింస పడినామె రుజువులు ఎక్కడ నుంచి తెస్తుంది? హింసించేవాడు ముందు చేసే పని కాగితాలు దాచడమే.

హెచ్-4 వీసా మీద వెళ్లిన మన ఆడపిల్లల పరిస్థితి ఇంకా కష్టం. భర్త హెచ్-1బి ఉద్యోగి. విడాకులైతే ఆమె హెచ్-4 హోదా అక్కడితో ముగుస్తుంది. ఆమెకు ఐ-751 దారి లేదు, ఎందుకంటే ఆమెకు గ్రీన్‌కార్డే లేదు. భర్త పౌరుడో శాశ్వత నివాసో కాదు గనుక, హింసకు గురైన భార్య తానే సొంతంగా గ్రీన్‌కార్డు అడిగే దారి కూడా ఆమెకు మూసుకుపోయింది. నేర బాధితులకిచ్చే యు వీసా ఉంది గానీ, ఏడాదికి పది వేలకు మించి ఇవ్వరు.

యానాం కుటుంబాలకు ఇది అమెరికా గోడు మాత్రమే అనిపించవచ్చు. ఫ్రెంచి పౌరసత్వం ఉన్న ఇంటికి కోడలిగా వెళ్లిన బిడ్డను అడగండి. అక్కడ కూడా నివాస పత్రం కాపురం మీదే నిలబడుతుంది. కాపురం విడిపోతే పత్రం తీసేయవచ్చు. గృహహింస వల్ల విడిపోతే ఆ కారణంతో తీసేయకూడదని ఫ్రెంచి చట్టం కూడా చెబుతుంది. అదీ ఆ బిడ్డకు తెలియాలి.

స్వదేశం సంగతీ తెలియాలి. అమెరికాలో భర్త ఒక్కడే వెళ్లి తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు ఒక తెలుగు దంపతుల కేసులోనే చెప్పింది. అక్కడి డిక్రీ ఇక్కడ చెల్లుతుందో లేదో కనుక్కోకుండా కాగితాల మీద సంతకం చేయకూడదు. మన క్రైస్తవ స్త్రీలకు 1869 నాటి విడాకుల చట్టం 2001 దాకా ఎంత అన్యాయం చేసిందో మరిచిపోయామా? భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాలి. ఆ చట్టం మారింది. మన పెద్దల మనసు మారిందా?

బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో ఉన్న మనకు ఈ బాధ కొత్తది కాదు. మనలో కొందరం బంగారు గనులకో, బట్టల మిల్లులకో వచ్చిన తాతల మనవలం. మూడు తరాలు గడిచినా ‘‘మీరు ఎక్కడివాళ్లు?’’ అని అడిగించుకున్నాం. రేషన్ కార్డు కోసం, కుల ధ్రువపత్రం కోసం ఎవరి సంతకానికో చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఇంకొకరి సంతకం మీద బతకడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం, మన బిడ్డను అదే స్థితిలో వదిలేసి సర్దుకొమ్మని ఎలా అంటాం?

కాబట్టి మా సంఘంలో ఇకమీదట ఇలా చేస్తాం, మీ సంఘంలో కూడా చేయండి. విదేశీ సంబంధం కుదిరితే పెళ్లి తరగతుల్లో ఒక పూట వీసా సంగతులకు కేటాయించాలి, అది కూడా వధువుకు అర్థమయ్యే భాషలో. పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, పెళ్లి ధ్రువపత్రం నకళ్లు ఒక జత అమ్మగారింట్లో ఉండాలి. పెళ్లి ఫొటోలు, మనం రాసిచ్చిన పత్రాలు సంఘం దగ్గర భద్రంగా ఉండాలి. రేపు ఆమెకు ప్రమాణ పత్రం కావాలంటే, ఈ పెళ్లి నిజమైనదని మేమే చేశాం గనుక మేమే రాసిస్తాం. ఫోన్‌లో ఏడ్చే బిడ్డతో ముందు అడగవలసింది ‘‘క్షేమంగా ఉన్నావా?’’ అని. రెండోది, ‘‘లాయర్‌ను కలిశావా?’’ అని. ప్రార్థన ఆ తర్వాత కాదు, ఆ రెండు ప్రశ్నలతో పాటే. తిరిగి వచ్చేస్తానంటే ‘‘పరువు’’ అనే మాట ఎత్తకుండా ఇంటి తలుపు తీయాలి, గుడి తలుపు తీయాలి.

యువకులారా, మీలో కొందరు రేపు ఆ సంతకం పెట్టే స్థానంలో ఉంటారు. నీ సంతకం ఆమె మీద నీకున్న అధికారం కాదు, ఆమెకు నువ్వు బాకీ ఉన్న సాక్ష్యం. దాన్ని బెదిరింపుగా వాడినవాడు బల్ల దగ్గరికి రాకముందు ఆమెతో సమాధానపడాలి.

మా బిడ్డ ఒంటరిగానే ఫారం వేసుకుంది. గత క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి, ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది: ‘‘అయ్యగారూ, ఇంకో అమ్మాయి ఫోన్ చేస్తే ఏం చెబుతారు?’’ ఆమెకు ఆరోజు మేము ఇచ్చిన జవాబే ఈ వ్యాసం. మీ సంఘంలో ఆ ఫోన్ వచ్చేలోగా మీ జవాబు సిద్ధం చేసుకోండి.